ఎర్ర డాలు వేలాడిన ఇల్లు

(గ్రంథాలయం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా? సరే.

సెక్రటరీగారు పోయిన నెల ఫోన్ చేసి, "జర్మనీ వెళ్లొచ్చారుగా మాస్టారూ, ఆ కబుర్లేవో చెప్పండి" అన్నారు. ఆయన నన్ను మాస్టారూ అంటారు గానీ నేను ముప్పై నాలుగేళ్లు బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్నవాణ్ణి. యాత్రా విశేషాలు నేను చెప్పను. ఫలానా వంతెన మీద ఫోటో దిగాం, ఫలానా చోట ఇడ్లీ దొరకలేదు అంటే మీకూ నిద్ర వస్తుంది, నాకూ వస్తుంది. ఒక్క ఇంటిపేరు గురించి చెబుతాను. ఒక్కటే.

మా అమ్మాయీ అల్లుడూ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటారు. వాళ్ల బిల్డింగ్‌లో పన్నెండు ఫ్లాట్లు. ఒక్క ఫ్లాటుకీ నంబర్ లేదు. కింద గుమ్మం పక్కన పన్నెండు కాలింగ్ బెల్లులు, ఒక్కో బెల్లు పక్కన వేలెడంత పలక, దాని మీద ఇంటిపేరు. అంతే. పోస్ట్‌మాన్ ఆ పేరు చూసే ఉత్తరం వేస్తాడు. పేరు లేకపోతే నువ్వు లేనట్టే. వీళ్లు దిగిన కొత్తలో ఆ పలక మార్చడం మర్చిపోయారట, ముఖ్యమైన ఉత్తరాలు రెండుసార్లు వెనక్కి వెళ్లిపోయాయి. ఇక మా అల్లుడి ఇంటిపేరు ఇంగ్లీషులో రాస్తే పద్నాలుగు అక్షరాలు. ఆ పలకలో పట్టక చివరి మూడూ పైకి ఎక్కి కూర్చున్నాయి, బస్సు మెట్ల మీద వేలాడే కుర్రాళ్లలాగా.

ఆ పలకని వాళ్లు షిల్ట్ అంటారు. ఎస్, సి, హెచ్, ఐ, ఎల్, డి. చివర డి రాసి ట అంటారు. ఈ మాట గుర్తుంచుకోండి, ఇవాళ్టి కథంతా దీని మీదే.

మన భాషలో ఉన్న మాట చూడండి, ఇంటిపేరు. అందులో ఇల్లు ఉంది. కానీ ఆ ఇల్లు గోడలూ గుమ్మమూ ఉన్న ఇల్లు కాదు కదా, వంశం. మన ఇంటిపేర్లలో సగం ఊళ్ల పేర్లే. కందుకూరు నుంచి వచ్చినవాళ్లు కందుకూరివారు. నిజంగా ఒక కట్టడానికి పెట్టిన పేరు మనిషికి అంటుకున్న ఇంటిపేరు మనలో తక్కువ. పల్లెల్లో వాడుక పేర్లుగా ఉంటాయనుకోండి, "చింతచెట్టు ఇంటివాళ్లు", "మేడవాళ్లు" అని. అవి రేషన్ కార్డు దాకా రావు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక సందు ఉండేది. అక్కడ ఇంటి పేరే ఇంటిపేరు అయింది. అచ్చంగా, ఇటుకా కర్రా ఉన్న ఇంటి పేరు. అలా వచ్చిన పేర్లలో ఒకటి ప్రపంచమంతా తెలిసింది. రోత్‌షిల్డ్.

[సభలో గుసగుసలు]

ఆఁ, ఆ బ్యాంకులవాళ్లే. మీరు ఏమేం విన్నారో నాకు తెలుసు, నేనూ విన్నాను, వాట్సాప్‌లో నాకూ వస్తాయి. అక్కడికీ వద్దాం.

ముందు పలికే తీరు. మనవాళ్లు చాలామంది దీన్ని రోత్స్‌చైల్డ్ అంటారు. మా బ్రాంచిలో ఒక ఆఫీసర్‌గారు గట్టిగా వాదించేవారు, చైల్డ్ అనే అనాలని. తప్పు ఆయనది కాదు. ఇంగ్లీషు కళ్లతో చూస్తే చివర సి, హెచ్, ఐ, ఎల్, డి కనిపిస్తుంది, చైల్డ్ అని నోరు తిరిగిపోతుంది. విరవాల్సిన చోటు వేరు. రోట్, షిల్ట్. రోట్ అంటే ఎరుపు. షిల్ట్ అంటే, ఇప్పుడే చెప్పాను, పలక. జర్మన్‌లో ఇంకో తమాషా ఉంది. ఇదే మాటని నపుంసక లింగంలో వాడితే పలక, బోర్డు. పుంలింగంలో వాడితే డాలు, కత్తికి అడ్డం పెట్టే డాలు. పాతకాలంలో ఇంటి ముందు డాలు ఆకారంలో చెక్క చేసి, రంగు వేసి వేలాడదీసేవారు. అదే డాలు, అదే బోర్డు. ఎర్ర డాలు ఇల్లు.

ఇప్పుడు ఆ సందు సంగతి. యూడెన్‌గాసె అంటారు, యూదుల సందు అని అర్థం. 1462లో ఫ్రాంక్‌ఫర్ట్ నగర పాలకులు యూదుల్ని పెద్ద చర్చి దగ్గరి ఇళ్లలోంచి లేపి, పాత కోటగోడ అవతల ఒక వంకర సందులోకి పంపారు. పొడవు దాదాపు 330 మీటర్లు. వెడల్పు మూడు, మహా అయితే నాలుగు మీటర్లు. అంటే రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్లాల్సిందే. మూడు గేట్లు. రాత్రి తాళం, ఆదివారం తాళం, క్రైస్తవుల పండగకి తాళం. మొదట్లో పదిహేను కుటుంబాలో ఏమో. నూట యాభై ఏళ్లు గడిచేసరికి రెండు మూడు వేలమంది. సందు మాత్రం పెరగలేదు, పెరగనివ్వలేదు. మరి ఏం చేస్తారు? పైకి కట్టారు. వెనక కట్టారు. ఉన్న ఇంటిని నిలువుగా చీల్చి రెండు చేశారు. 1616లో వచ్చిన చట్టం ఇంకా దారుణం, ఐదువందల కుటుంబాలకి మించకూడదు, ఏడాదికి పన్నెండు పెళ్లిళ్లే జరగాలి. పెళ్లికి కోటా అండీ! మన దగ్గర మంచి ముహూర్తం ఉన్న రోజున ఒక్క ఊళ్లో అయ్యే పెళ్లిళ్లు అవి.

ఇళ్లకి నంబర్లు వచ్చింది 18వ శతాబ్దం మధ్యలో. అంతకు ముందు ఇంటికి బొమ్మ ఉండేది. ఇది యూదుల సందులోనే కాదు, ఆ ఊరంతా అంతే. ఓడ బొమ్మ ఉన్న ఇల్లు, గద్ద బొమ్మ ఉన్న ఇల్లు. ఇప్పుడు ఆ సందు లేదు. కానీ 1987లో ఒక పెద్ద ఆఫీసు కట్టడానికి తవ్వుతుంటే కింద పాత ఇళ్ల పునాదులు బయటపడ్డాయి. పూడ్చేస్తామన్నారు, జనం గొడవ చేశారు, చివరికి ఐదు ఇళ్ల పునాదులు మిగిల్చి 1992లో వాటి మీదే మ్యూజియం పెట్టారు. నేను ఆ గోడల మధ్య నడిచాను. ఐదింటి పేర్లూ రాసుకొచ్చాను, వినండి. రాతి ఇల్లు. వేడినీళ్ల స్నానం. డేగ. ఎర్ర పొట్టేలు. తెల్ల పొట్టేలు. రెండు పొట్టేళ్లూ పక్కపక్కనే. బహుశా ఒక పొట్టేలు ఇల్లే చీలి రెండు రంగులైందేమో అనుకున్నాను, చీల్చుకున్న ఇళ్లకి అలా పేర్లు పెట్టుకోవడం అక్కడ మామూలే.

ఎర్ర డాలు ఇల్లు 1560ల్లో కట్టారు. కట్టించినాయన పేరు ఇజాక్ ఎల్హానాన్. అంటే ఎల్హానాన్ కొడుకు ఇజాక్. యూదుల పాత పద్ధతి అది, పేరు పక్కన నాన్న పేరు. గుళ్లో పిలవాలన్నా, సమాధి మీద రాయాలన్నా ఫలానా వాడి కొడుకు ఫలానా. ఇంటిపేరు అన్నది ఆ పద్ధతిలో లేదు. ఇంటిపేరు ప్రభుత్వాలకి కావాలి. పన్ను రాసుకోవాలి, సైన్యానికి మనుషుల్ని లెక్కేసుకోవాలి. ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ 1787లో యూదులందరూ జర్మన్ ఇంటిపేర్లు పెట్టుకు తీరాలన్నాడు, 1808లో నెపోలియన్ తన రాజ్యంలో అదే చేశాడు. అలా హుకుం మీద పెట్టుకున్న పేర్లు లక్షలున్నాయి. ఈ సందులో మాత్రం హుకుం అవసరం రాలేదు. ఇజాక్‌లు పదిమంది ఉన్నప్పుడు, ఏ ఇజాక్ అని అడిగితే "ఎర్ర డాలు ఇజాక్" అన్నారు. మన ఊళ్లో సుబ్బారావులు నలుగురుంటే ఏం చేస్తాం, అదే.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి చెబుతాను. సందులో ఉన్న రివాజు ప్రకారం ఇల్లు మారితే పేరు కూడా మారొచ్చు. ఓడ ఇంటి నుంచి గద్ద ఇంటికి వెళితే గద్దవాడివి అయిపోవచ్చు. ఎర్ర డాలు కుటుంబంలో ఒక శాఖ 17వ శతాబ్దంలో ఇల్లు మారింది. కొత్త ఇంటి పేరు హింటర్‌ఫానె. ఫానె అంటే పెనం, హింటర్ అంటే వెనక. పెనం బొమ్మ ఉన్న ఇంటి వెనక భాగం. రివాజు గట్టిగా పాటించి ఉంటే ఇవాళ లండన్‌లో, ప్యారిస్‌లో బ్యాంకు బోర్డు మీద "వెనక పెనం" అని ఉండేది.

[నవ్వులు]

వాళ్లు మార్చుకోలేదు. ఇల్లు వదిలేశారు, పేరు వదల్లేదు. అప్పటి నుంచి అది చిరునామా కాకుండా పోయింది. ఇంటిపేరు అయింది, మనం అనే అర్థంలో.

ఆ పెనం ఇంట్లోనే, వెనక, 1744లో మాయర్ ఆమ్‌షెల్ పుట్టాడు. ఈయనే అసలు మనిషి. పేరు చూడండి, మాయర్ ఆమ్‌షెల్, ఆమ్‌షెల్ కొడుకు మాయర్. తండ్రి ఆమ్‌షెల్ మోజెస్, అంటే మోజెస్ కొడుకు. ఆయన తండ్రి మోజెస్ కాల్మన్. గొలుసులా వెనక్కి వెళ్లిపోవచ్చు. మాయర్ తన పెద్ద కొడుక్కి ఆమ్‌షెల్ అని తన తండ్రి పేరు పెట్టాడు. తాత పేరు మనవడికి, మనలాగే. చిన్న తేడా ఉంది. ఆ యూదుల్లో బతికున్నవాళ్ల పేరు పెట్టరు. మనవాళ్లు పెడతారు, పెట్టి, మామగారి పేరు పెట్టి పిలవకూడదని కోడలు ఆ పిల్లాణ్ణి జీవితాంతం చిన్నీ అని పిలుస్తుంది.

పదకొండు పన్నెండేళ్లకే తల్లీ తండ్రీ పోయారు. హానోవర్‌లో ఒక బ్యాంకు కొట్లో పనికి కుదిరాడు. తిరిగొచ్చి పాత నాణేల వ్యాపారం మొదలెట్టాడు. ఇక్కడ నేను కాస్త ఆగుతాను, కౌంటర్ మీద చెయ్యేసి నాణేలు లెక్కపెట్టినవాణ్ణి గనక. పాత నాణెం కొనేవాడు ఎవడు? తిండికి లోటు లేనివాడు. రాజులూ జమీందారులూ. ఈయన 1770ల నుంచి తన దగ్గరున్న నాణేలకి కేటలాగు అచ్చేయించి, రాజుల ఇళ్లకి పోస్టులో పంపేవాడు. సందులోంచి రాత్రి బయటికి రావడానికి వీల్లేని మనిషి, తన కాగితాన్ని దివాణాల బల్లల మీదికి పంపించాడు. పక్కనే హానావులో ఉన్న యువరాజు విల్‌హెల్మ్‌కి నాణేల పిచ్చి. 1769లో ఆయన దగ్గర దరఖాస్తు పెట్టుకుని, దర్బారు వర్తకుడు అనే బిరుదు తెచ్చుకున్నాడు. డబ్బు రాలేదు, బిరుదే వచ్చింది. దాన్ని బోర్డు చేయించి గుమ్మానికి కొట్టుకున్నాడు. మళ్లీ ఒక షిల్ట్!

1770లో గూటలె అనే ఆవిడతో పెళ్లయింది. పందొమ్మిదిమంది పిల్లలు పుట్టారు, పదిమంది బతికారు. ఐదుగురు కొడుకులు, ఐదుగురు కూతుళ్లు. 1780ల్లో కాస్త డబ్బు చేరాక అదే సందులో ఇంకో ఇల్లు కొన్నాడు. ఆ ఇంటి పేరు తెలుసా? గ్రూనెస్ షిల్ట్. ఆకుపచ్చ డాలు.

ఎర్ర డాలు పేరు పెట్టుకున్న కుటుంబం లక్షలు గడించింది ఆకుపచ్చ డాలు ఇంట్లో. గోడకి అటు సగం వేరే ఇల్లు, దాని గుర్తు ఓడ. ఓడని జర్మన్‌లో షిఫ్ అంటారు. ఆ ఇంటి నుంచి వచ్చిన కుటుంబం షిఫ్‌లు. వాళ్లలో జేకబ్ షిఫ్ తర్వాత న్యూయార్క్‌లో పెద్ద బ్యాంకరు అయ్యాడు, 1904, 1905లో రష్యాతో యుద్ధానికి జపాన్‌కి అప్పు ఇప్పించింది ఆయనే. ఒకే ఇల్లు, మధ్యలో ఒక గోడ, రెండు బ్యాంకు వంశాలు.

ఇంకా ఉన్నాయి. గద్ద ఇంటివాళ్లు ఆడ్లర్‌లు. బాతు ఇంటివాళ్లు గాన్స్‌లు. డ్రాగన్ ఇంటివాళ్లు డ్రాఖ్‌లు. నిప్పుకోడి ఇంటివాళ్లు స్ట్రాస్‌లు. ఆగండి, జీన్స్ ప్యాంట్ల లీవై స్ట్రాస్ ఈ సందువాడు కాడు, బవేరియాలో బూటెన్‌హైమ్ అనే పల్లెటూరివాడు. పేరు కలిసింది కదా అని చుట్టరికం కలిపెయ్యకూడదు.

ఒక్క పేరు మాత్రం దాటి వెళ్లలేను. ఎర్ర డాలు, ఆకుపచ్చ డాలు అయ్యాయి. నల్ల డాలు ఇల్లు కూడా ఉండేది. నలుపుని ష్వార్ట్స్ అంటారు. ష్వార్ట్స్‌షిల్ట్. ఇంటర్లో ఫిజిక్స్ చెప్పే మాస్టార్లు ఇక్కడ ఉంటే ఈపాటికి తల ఊపేస్తూ ఉంటారు. కార్ల్ ష్వార్ట్స్‌షిల్డ్, 1873లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే పుట్టాడు. 1915 చివర్లో, మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో ఉండి, ఐన్‌స్టయిన్ అప్పుడే బయటపెట్టిన సమీకరణాలకి మొట్టమొదటి కచ్చితమైన సాధన రాసి పంపించాడు. ఆర్నెల్లు తిరక్కుండా జబ్బు చేసి చనిపోయాడు. కృష్ణబిలం హద్దు ఎంత దూరమో చెప్పే కొలతకి ఆయన పేరే. నల్ల డాలు వంశంవాడి లెక్కలోంచి నల్ల బిలం వచ్చింది. ఇది కేవలం కాకతాళీయం, కానీ రాత్రి నిద్రపట్టక దీని గురించే ఆలోచించాను. అన్నట్టు ఈయన్ని కూడా మన పిల్లలు ష్వార్జ్‌చైల్డ్ అంటారు. ఇద్దరూ చైల్డ్‌లు కారు బాబూ, ఇద్దరూ షిల్ట్‌లే.

సరే, మాయర్ కొడుకులు. ఆమ్‌షెల్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉండిపోయాడు. సాలమన్ వియన్నా, నేథన్ లండన్, కార్ల్ నేపుల్స్, జేమ్స్ ప్యారిస్. పాఠ్యపుస్తకాల్లో ఈ కథే ఉంటుంది కాబట్టి దీని మీద ఎక్కువసేపు ఉండను. 1812లో మాయర్ చనిపోతూ రాసిన వీలునామాలో ఒక్క ముక్క మాత్రం మన విషయానికి కావాలి. వ్యాపారంలో కూతుళ్లకీ అల్లుళ్లకీ వాళ్ల పిల్లలకీ వాటా లేదు, పుస్తకాలు చూసే హక్కు కూడా లేదు. పేరు ఉన్నవాడికే పెట్టె. అప్పుడు ఏమవుతుంది? పేరు బయటికి పోకుండా లోపలే పెళ్లిళ్లు చేసుకోవడం మొదలెట్టారు. జేమ్స్ 1824లో బెట్టీని చేసుకున్నాడు. బెట్టీ ఎవరు? సొంత అన్న సాలమన్ కూతురు. మనం మేనరికాలకి అలవాటుపడ్డ జనం, అక్క కూతుర్ని చేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. అన్న కూతుర్ని అంటే కర్ర పుచ్చుకుంటారు. వాళ్ల లెక్క వేరు. మనకి అక్క కూతురు వేరే ఇంటిపేరు, అందుకే పనికొస్తుంది. వాళ్లకి అన్న కూతురు అదే ఇంటిపేరు, అందుకే కావాలి.

1822లో ఆస్ట్రియా చక్రవర్తి ఐదుగురు అన్నదమ్ముల్నీ బారన్‌లని చేశాడు. బారన్ అంటే మన జమీందారుల్లాంటి బిరుదు, దానికి వంశ చిహ్నం ఉండాలి. సింహాలూ గద్దలూ కిరీటాలూ అన్నీ గీయించుకున్నారు, ఐదు బాణాలు పట్టుకున్న చెయ్యి గీయించారు. వీటన్నిటి నడిమధ్య ఏముందో చూడండి. ఒక చిన్న ఎర్ర డాలు. నంబర్లు లేని సందులో గుమ్మానికి వేలాడిన చెక్క ముక్క, రాజముద్ర అయి కూర్చుంది. ఇళ్ల గుర్తులకి అదృష్టం ఉంటుందనుకుంటే దీన్ని మించింది లేదు.

తల్లి గూటలె మాత్రం ఆకుపచ్చ డాలు ఇల్లు వదల్లేదు. కొడుకులకి నాలుగు దేశాల్లో మేడలున్నాయి. సందుకి తాళాలు వెయ్యడం మానేసి చాలాకాలమైంది, యూదులు ఊళ్లో ఎక్కడైనా ఉండొచ్చు. ఆవిడ కదల్లేదు. మొగుడు పోయాక ముప్పై ఏడేళ్లు అక్కడే ఉండి, 1849లో తొంభై అయిదేళ్లకి అదే ఇంట్లో పోయింది. బారన్‌లు వచ్చి ఆ ఇరుకు మెట్లెక్కి అమ్మని చూసి వెళ్లేవారు. మా అమ్మ ఊళ్లో పెంకుటింట్లోంచి రానంటే నేను విసుక్కునేవాణ్ణి. ఇది చదివాక కాస్త సిగ్గుపడ్డాను.

[సభలోంచి ఒకరు: "ఆయన అసలు పేరు బావర్ అనీ, బ్యాంకు పెట్టాక ఎర్ర డాలు తగిలించి పేరు మార్చుకున్నాడనీ యూట్యూబ్‌లో చూశాను."]

మంచి ప్రశ్న. నేనూ చూశాను, వెనక భయంకరమైన సంగీతం కూడా ఉంటుంది దానికి. తేదీలు పక్కపక్కన పెట్టండి చాలు. ఇల్లు 1560ల్లో కట్టారు. మాయర్ పుట్టింది 1744లో. ఆయన పుట్టడానికి నూట ఎనభై ఏళ్ల ముందే ఆ డాలు వేలాడుతోంది. తండ్రి రోత్‌షిల్డే, తాత రోత్‌షిల్డే. పైగా ఈయన బ్యాంకు నడిపింది ఎర్ర డాలు ఇంట్లోనే కాదాయె! అసలా కథ ఎందుకు పుడుతుందంటే, పేరు మార్చుకున్నాడంటే ఏదో దాచాడని కదా, దాచాడంటే కుట్ర అని కదా. ఆ మెట్లు ఎక్కించడానికే మొదటి మెట్టు.

వాటర్‌లూ కథ కూడా అంతే. 1815లో అక్కడ నెపోలియన్ మీద బ్రిటన్‌వాళ్లు యుద్ధం గెలిచిన వార్త నేథన్‌కి ముందే తెలిసిందనీ, స్టాక్ మార్కెట్లో అందర్నీ ముంచి కోట్లు కొట్టేశాడనీ. స్వయంగా యుద్ధభూమిలో ఉండి, తుపానులో సముద్రం దాటి పరుగెత్తుకొచ్చాడట. ఈ కథకి పుట్టిన రోజు ఉంది. 1846లో ప్యారిస్‌లో ఒక కరపత్రం వచ్చింది, రాసినవాడు సైతాన్ అని పేరు పెట్టుకున్నాడు. అంటే యుద్ధం అయిన ముప్పై ఏళ్లకి! ఆ ఏడాదే జేమ్స్ కంపెనీ వేసిన ఉత్తరాది రైలు మార్గంలో ప్రమాదం జరిగింది, జనం మంట మీద ఉన్నారు, కరపత్రం వేడివేడిగా అమ్ముడుపోయింది. నేథన్ వాటర్‌లూలో లేడు. కానీ ఆ కథని 1940లో నాజీలు సినిమా తీశారు, ఇప్పుడు మన ఫోన్లలోకి వస్తోంది. వాళ్లు ధర్మాత్ములని నేను అనడం లేదు, వడ్డీ వ్యాపారం చేసినవాళ్లే, ప్రభుత్వాలకి అప్పులిచ్చినవాళ్లే. 1875లో సూయజ్ కాలువ వాటాలు కొనడానికి బ్రిటన్‌కి 40 లక్షల పౌండ్లు ఇచ్చింది వాళ్లే, ఆ కాలువ మన దేశానికి తెల్లవాడు వచ్చే దారి. విమర్శించడానికి నిజాలు చాలినన్ని ఉన్నాయి, కట్టుకథలు అక్కర్లేదు.

ఇంత డబ్బున్నా ఆ పేరుకి తెరుచుకోని తలుపులున్నాయి. నేథన్ కొడుకు లయొనెల్ 1847లో బ్రిటిష్ పార్లమెంటుకి గెలిచాడు. ప్రమాణంలో "నిజమైన క్రైస్తవ విశ్వాసం మీద" అన్న మాట ఉంది, ఆయన అననన్నాడు. సీటు ఖాళీ. మళ్లీ గెలిచాడు, మళ్లీ ఖాళీ. 1858లో చట్టం మారాకే కూర్చున్నాడు, పదకొండేళ్లకి.

మనవాళ్లకి తగిలే చిన్న ముచ్చట ఒకటి. ఈ వంశంలో తర్వాతి తరాల్లో కొందరికి డబ్బు కంటే పురుగుల మీద మక్కువ. పాలస్తీనాలో యూదులకి సొంత నెలవు ఉండాలని బ్రిటన్ ఒప్పుకున్న 1917 నాటి బాల్ఫర్ ప్రకటన ఏ వాల్టర్ రోత్‌షిల్డ్‌కి రాసిన ఉత్తరమో, ఆయన సీతాకోకచిలుకలూ పక్షులూ పోగేసి మ్యూజియం పెట్టినవాడు. బాలి దీవిలో తెల్ల గోరువంక ఉంది, కళ్ల చుట్టూ నీలం రంగు, దాని శాస్త్రీయ నామంలో ఈ ఇంటిపేరే ఉంటుంది. ఆయన తమ్ముడు చార్ల్స్ ఈగలు కాదు, దోమలు కాదు, ఎలకల మీద బతికే గోమార్ల లాంటి చిన్న పురుగులు, ఫ్లీస్ అంటారు, అవి చూసేవాడు. 1903లో ఒక ఫ్లీకి మొదటిసారి వర్ణన రాసి పేరు పెట్టాడు. 1896లో బొంబాయిలో మొదలై మన దేశంలో లక్షలమందిని మింగిన ప్లేగుని ఎలకల నుంచి మనుషులకి మోసింది ఆ జాతే. ఇవాళ్టికీ జువాలజీ పుస్తకంలో ఆ పురుగు పేరు పక్కన బ్రాకెట్లో రోత్‌షిల్డ్, 1903 అని ఉంటుంది. గుమ్మం మీద బోర్డు, చివరికి ఎలక పేను పక్కన కూడా వేలాడింది.

ఇక ముగించే వేళ, మిగిలింది నేను చూసిన చోటు.

ఆ సందు 1711లో దాదాపు మొత్తం తగలబడింది, మళ్లీ కట్టారు. 1796లో ఫ్రెంచివాళ్ల ఫిరంగులకి సగం పోయింది. 1880ల్లో మిగిలింది కూల్చేశారు. ఆకుపచ్చ డాలు ఇల్లు ఒక్కటీ చూపించడానికి ఉంచితే, రెండో యుద్ధంలో అదీ పోయింది. ఇప్పుడు దాని మీద రోడ్డు, ట్రాఫిక్. పక్కన పాత యూదుల శ్మశానం ఉంది, 1272 నాటి రాళ్ల నుంచి ఉన్నాయి అందులో. మ్యూజియంలో తాళంచెవి ఇస్తారు, తీసుకుని లోపలికి వెళ్లాం. రాళ్లన్నీ హీబ్రూ, నాకు ఒక్క అక్షరం రాదు. కానీ కొన్ని రాళ్ల పైన బొమ్మలున్నాయి. కోడిపుంజు. ఓడ. చచ్చిపోయినవాడు ఏ ఇంటివాడో ఆ ఇంటి గుర్తు, రాతి మీద చెక్కారు. చదవడం రాకపోయినా ఎవరింటి మనిషో తెలిసిపోతోంది. మా అమ్మాయి ఒక రాయి ముందు గొంతుక్కూర్చుని నాచు పక్కకి తీసి, "ఇది డ్రాగనా, బల్లా నాన్నా?" అంది.

1942లో నాజీలు ఆ రాళ్లు పగలగొట్టడం మొదలెట్టారు. చాలా పోయాయి. అంతకు ముందు 1938లో పేర్ల మీదే పడ్డారు, యూదులని వినగానే తెలియని పేరున్న ప్రతి మగవాడూ ఇజ్రాయెల్ అనీ, ప్రతి ఆడమనిషీ సారా అనీ పేరుకి తగిలించుకోవాలని చట్టం చేశారు. వియన్నాలో ఉన్న లూయీ రోత్‌షిల్డ్‌ని ఏడాది పైన నిర్బంధించి, ఆస్తి రాయించుకుని వదిలారు. ఫ్రాన్స్‌లో ఎలిజబెత్ అనే ఆవిడ, పుట్టుకతో క్యాథలిక్, రోత్‌షిల్డ్‌ల కోడలు. ఆ పేరు ఆవిడకి పెళ్లితో వచ్చింది. 1945 మార్చిలో నాజీల రావెన్స్‌బ్రూక్ నిర్బంధ క్యాంపులో చనిపోయింది.

శ్మశానం ప్రహరీ గోడకి బయటివైపు, చుట్టూతా, చిన్న చిన్న లోహపు దిమ్మెలు బిగించారు. అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దవి. ఒక్కోదాని మీద ఒక పేరు, పుట్టిన తేదీ, ఎక్కడ చంపారో ఆ ఊరు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి తీసుకెళ్లి చంపిన యూదులు, దాదాపు 12 వేల దిమ్మెలు. డైరీ రాసిన ఆనీ ఫ్రాంక్ పేరు అక్కడ ఉంది, ఆ అమ్మాయి ఈ ఊళ్లోనే పుట్టింది. అక్షరక్రమంలో ఉంటాయి కాబట్టి నేను ఆర్ దగ్గరికి నడిచాను. రోత్‌షిల్డ్‌లు ఉన్నారు. ఒకరు కాదు, వరసగా. బారన్‌లు కారు వీళ్లు. ఆ ఇంటిపేరుతో ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టూ ఉన్న హెస్సె ప్రాంతం పల్లెల్లో పశువుల బేరగాళ్లు ఉండేవారు, ఊళ్లో చిన్న చిన్న కొట్లవాళ్లు ఉండేవారు, ఆ పేరున్నవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. వాళ్ల గురించి ఎవరూ వీడియోలు తియ్యలేదు.

చూడ్డానికి వచ్చినవాళ్లు దిమ్మె మీద ఒక గులకరాయి పెట్టి వెళతారు, యూదుల సంప్రదాయం. కొన్నిటి మీద నాలుగైదు ఉన్నాయి. రోత్‌షిల్డ్‌లలో ఒక దిమ్మె మీద ఏమీ లేదు. మా అల్లుడు రోడ్డు పక్కన వెతికి ఒక రాయి తెచ్చి ఇచ్చాడు. దిమ్మె సన్నగా ఉంది, రాయి రెండుసార్లు జారి పడింది. మూడోసారికి నిలబడింది.